నాచు ద్రావణంలో విత్తనం నానబెట్టడమా, మడిలో నాచు పొడి చల్లడమా: ఏది మేలు?

కె.సి. కాలువ కింద నారు పోసే కర్నూలు, కడప వరి రైతుకూ, ఎర్రనేలలో వాన పదును చూసి వేరుశనగ విత్తే అనంతపురం రైతుకూ నీలి ఆకుపచ్చ నాచు విషయంలో ఒకే సలహా చెప్పడం సరికాదు. సైనోబ్యాక్టీరియా అని శాస్త్రజ్ఞులు పిలిచే ఈ సూక్ష్మజీవుల్లో చాలా రకాలు గాలిలోని నత్రజనిని పట్టి నిలుపుతాయి. వీటి ద్రావణంలో విత్తనాన్ని నానబెట్టడం ఒక పద్ధతి, వీటిని ఎండబెట్టి పొడి చేసి, నాట్లు వేసిన మడిలో చల్లడం మరో పద్ధతి.

మొదటి పద్ధతిలో నత్రజనికి పెద్దగా పాత్ర లేదు. మొలక తొలి రోజుల్లో గింజలోని నిల్వ ఆహారం మీదే బతుకుతుంది కనుక, అప్పుడు పనిచేసేవి అనబీనా, నాస్టాక్ వంటి నాచులు విడుదల చేసే ఆక్సిన్లు, జిబ్బరెలిన్ల వంటి పదార్థాలు, అమైనో ఆమ్లాలు. జిబ్బరెలిన్లు గింజలోని పిండిని చక్కెరగా మార్చే ఎంజైములను ప్రేరేపిస్తే, ఆక్సిన్లు పక్క వేర్లు పుట్టడానికి తోడ్పడతాయి. అయితే మంచినీళ్లలో నానబెట్టినా వడ్లు త్వరగానే మొలుస్తాయన్న సంగతిని చాలామంది లెక్కలోకి తీసుకోరు. పొడి విత్తనంతో పోల్చి నాచును మెచ్చుకోవడం నా దృష్టిలో న్యాయం కాదు. ధ్రువీకరించిన వరి విత్తనానికి కనీస మొలక శాతమే 80 కాబట్టి, ఆ శాతంలో పెరగడానికి మిగిలింది తక్కువ. తేడా కనబడితే వేరు పొడవులో, నారు బలంలో కనబడాలి. ఒకే సంచిలోని వడ్లను వందేసి గింజల చొప్పున తీసి, ఒక వంతును మంచినీటిలో, ఒక వంతును పలుచని నాచు ద్రావణంలో, మరొక వంతును చిక్కని ద్రావణంలో 24 గంటలు నానబెట్టి, తడి గోనెపట్టాలో మండె కట్టి చూస్తే విషయం తేలిపోతుంది. చిక్కదనం పెరిగితే మేలుకు బదులు మొలక కుంటుపడవచ్చు.

పొడి చల్లే పద్ధతి లాభం ఆలస్యంగా ఇస్తుంది, కానీ దాని లెక్క స్పష్టం. వరి మడుల్లో నత్రజని స్థిరీకరణకు ఈ నాచే ప్రధాన కారణమని శాస్త్రజ్ఞుడు పి.కె. డే 1939లోనే చూపారు. నాటిన వారానికి ఎకరాకు సుమారు 4 కిలోల పొడి చల్లి, నీరు నిలిపి, భాస్వరం లోటు రాకుండా చూసుకుంటే, అన్నీ కలిసివచ్చినప్పుడు 8 నుంచి 12 కిలోల నత్రజని సమకూరుతుంది. అది దాదాపు అర బస్తా యూరియాకు సమానం. నాచు చచ్చి కుళ్లిన తర్వాతే ఇందులో ఎక్కువ భాగం పైరుకు అందుతుంది కనుక నారుమడి దశకు ఇది అక్కరకు రాదు. పైపాటుగా యూరియా ఎక్కువ వేసిన మడిలో నాచు నత్రజనిని పట్టడం తగ్గించేస్తుంది. కాలువ చివరి భూముల్లో నీరు నిలవనప్పుడు పొడి మీద డబ్బు పెట్టడం వృథా.

వేరుశనగకు ఈ రెండింటిలో ఏదీ నేను సూచించను. విత్తనం నేలలో దాదాపు 5 సెంటీమీటర్ల లోతున, వెలుతురు చేరని చోట ఉంటుంది. వెలుతురు లేనిదే నాచు సరిగా ఎదగదు. పైగా పప్పును నీళ్లలో నానబెడితే పలుచని ఎర్ర పొట్టు ఊడి, బద్దలు విడిపోయే ప్రమాదం ఉంది. ఆ పంటకు వేరు బుడిపెల్లో నివసించి నత్రజనిని పట్టే రైజోబియం బ్యాక్టీరియా ఉండనే ఉంది; బెల్లం నీళ్లతో విత్తనానికి పట్టించి, నీడలో ఆరబెట్టి, గొర్రుతో విత్తుకుంటే సరిపోతుంది.

వరికి మాత్రం, నారు బలం కావాలంటే పలుచని ద్రావణం, ఎరువు ఖర్చు తగ్గాలంటే పొడి; ఒకటి రెండోదాని పని చేయదు. చెరువులో తేలే పచ్చని పాచిని ఉచితమని తెచ్చి వాడడం వేరే సంగతి. అందులో తరచుగా ఉండే మైక్రోసిస్టిస్ అనే మరో రకం నాచు నత్రజనిని పట్టదు సరికదా, దాని విషం లేత వేరు ఎదుగుదలను దెబ్బతీయవచ్చు. అటువంటి నీటిని నారుమడికి పెట్టక తప్పనప్పుడు ముందుగా గుప్పెడు వడ్లను అందులోనూ, గుప్పెడు మంచినీటిలోనూ మొలకెత్తించి వేర్లు పక్కపక్కన పెట్టి చూడాలి. చెరువు నీటి వేర్లు పొట్టిగా ఉంటే ఆ నీరు నారుకు పెట్టకూడదు.