షెల్స్లీ కొండా, ప్రెస్కాట్ కొండా: సొంత స్పోర్ట్స్ కారుతో హిల్ క్లైంబ్ పోటీలు

ఇంగ్లండులోని మిడ్‌లాండ్స్ ప్రాంతంలో స్థిరపడినవారు తమ స్పోర్ట్స్ కారు సత్తా తెలుసుకోవాలనుకుంటే పెద్ద రేస్ ట్రాక్‌కే వెళ్లనక్కరలేదు. కొండ ఎక్కే దారిలో కార్లను ఒక్కొక్కటిగా వదిలి, సెకనులో నూరో వంతు వరకు కాలాన్ని లెక్కగట్టే హిల్ క్లైంబ్ పోటీలు అక్కడ వందేళ్లకు పైగా జరుగుతున్నాయి. నా పోర్షె కేమన్ జీటీ4తో వూస్టర్‌షైర్‌లోని షెల్స్లీ వాల్ష్‌లోను, గ్లాస్టర్‌షైర్‌లోని ప్రెస్కాట్‌లోను పాల్గొన్నాక, ఎవరికి ఏ కొండ నప్పుతుందో చెప్పగలననిపించి ఇది రాస్తున్నాను.

షెల్స్లీలో తొలి పోటీ 1905 ఆగస్టు 12న జరిగింది; అప్పుడు నిర్వహించిన మిడ్‌లాండ్ ఆటోమొబైల్ క్లబ్బే ఇప్పటికీ నిర్వహిస్తోంది. దారి పొడవు 1000 గజాలు, అంటే 914 మీటర్లు మాత్రమే, కాని అంత కొద్ది దూరంలోనే 100 మీటర్ల ఎత్తు ఎక్కాలి. తిరుమల ఘాట్ రోడ్డు మీద బండి నడిపినవారికి ఈ వాలు కొత్త కాదు గాని, ఇక్కడి ఇరుకు మాత్రం కొత్తే. కొన్నిచోట్ల దారి వెడల్పు 12 అడుగులకు మించదు, నా కారు వెడల్పు అద్దాలు కాక ఆరడుగులకు కొంచెం తక్కువ. కెన్నెల్, క్రాసింగ్ మలుపులు దాటి ‘ఎస్సెస్’ అనే జంట మలుపుల దగ్గరకు వచ్చేసరికి, 385 హార్స్‌పవర్ ఇంజను ఇచ్చే వేగాన్ని అణచడమే అసలు పనిగా మారుతుంది.

శక్తిమంతమైన కారు ఉంటే గెలుపు ఖాయమనుకునేవారికి ఈ కొండ మంచి సమాధానం చెబుతుంది. జీటీ4 రెండో గేరులోనే గంటకు 80 మైళ్లు దాటగలదు కాబట్టి, గేరు మార్చడానికి పెద్దగా అవకాశమే రాదు. ట్రాక్ కోసం చేసిన టైర్లకు వేడెక్కే వ్యవధి కూడా ఉండదు, ఎందుకంటే అంతా నిమిషంలోపే ముగుస్తుంది. బయలుదేరిన చోటి నుంచి 64 అడుగులకు పట్టిన సమయాన్ని ఫలితాలలో విడిగా ఇస్తారు. కొత్తవారు మొదట చూసుకోవలసిన అంకె అదే. గీత దగ్గర కారు వెనక్కి జారకుండా మార్షల్ (పోటీ సిబ్బంది) వెనక చక్రానికి చెక్క దిమ్మ అడ్డుపెడతాడు, పచ్చ దీపం వెలిగాక మనకు వీలైనప్పుడు కదలవచ్చు. దారికి అడ్డంగా ఉండే టైమింగ్ కాంతి కిరణాన్ని కారు దాటినప్పుడే గడియారం మొదలవుతుంది గనుక తొందర అనవసరం.

ప్రెస్కాట్ కొండ చెల్టెన్‌హామ్‌కు సమీపంలో, గాదరింగ్టన్ గ్రామం పక్కన ఉంది. బుగాటి ఓనర్స్ క్లబ్ 1938లో ఇక్కడ పోటీలు మొదలుపెట్టింది. 1960లో దారిని 1127 గజాలకు పొడిగించారు. పార్డన్ అనే హెయిర్‌పిన్ మలుపు దగ్గర తప్పనిసరిగా బాగా నెమ్మదించాలి, అక్కడ మొదటి గేరు వాడాలా వద్దా అన్న చర్చ ప్యాడక్‌లో, అంటే పోటీ కార్లు నిలిపే చోట, ఎప్పుడూ తెగదు. కొండ దిగడానికి ఇక్కడ వేరే దారి ఉంది. షెల్స్లీలో మాత్రం ఒక గుంపు కార్లన్నీ ఎక్కేదాకా పైనే వేచి ఉండి, ఎక్కిన దారినే దిగాలి. నా మటుకు నాకు పైన ఆ నిరీక్షణే ఇష్టం. అనుభవజ్ఞులు ఎక్కడ బ్రేకు వేయాలో తాము పెట్టుకున్న గుర్తులను దాపరికం లేకుండా చెప్పేది అక్కడే.

రెండుచోట్లా డ్రైవింగ్ స్కూళ్లున్నాయి, పోటీకి పేరివ్వడానికి ముందు ఆ రుసుముకు వెనుకాడవద్దు. మోటార్‌స్పోర్ట్ యూకే లైసెన్సు, ఆమోదముద్ర ఉన్న హెల్మెట్, నిప్పు తట్టుకునే దుస్తులు, టైమింగ్ కిరణాన్ని అడ్డుకునేలా కారు ముందు బిగించే నల్లని పలక ముందే సమకూర్చుకోవాలి. మామూలు కారు బీమా పోటీకి వర్తించదని మరవకూడదు. బయలుదేరే ముందు బర్మింగ్‌హామ్ దగ్గరి టివిడేల్ బాలాజీ ఆలయంలో దర్శనం చేసుకుని చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించడానికి అభ్యంతరం లేదు గాని, వాహన తనిఖీలో అవి లెక్కలోకి రావు.

బస విషయంలో నా అభిప్రాయం మారింది. టీమ్ నది లోయలో ఆపిల్ తోటల నడుమ ఒక పల్లె ఇంట్లో దిగాం. గది, ఆతిథ్యం చక్కగా ఉన్నాయి, కాని వాకిలి నిండా పరచిన గులకరాళ్లు కారు అడుగుభాగాన్ని గీకాయి, శాకాహారులకు రాత్రి భోజనం దొరకలేదు. వూస్టర్ నగరంలో బస చేస్తే ఉదయం అరగంట ముందు లేవాలి తప్ప భోజనానికి, నాణ్యమైన పెట్రోలుకు ఇబ్బంది ఉండదు. కుటుంబంతో వెళ్లేవారికి చెల్టెన్‌హామ్ ఇంకా సుఖం. పిల్లలు విసిగితే గాదరింగ్టన్ మీదుగా నడిచే ఆవిరి రైలు చూపించవచ్చు. మొదటిసారి వెళ్లేవారు రోడ్డు కార్ల తరగతిలో, మామూలు టైర్లతో ప్రెస్కాట్‌లో మొదలుపెట్టి, తర్వాతి సీజన్‌కు షెల్స్లీ పెట్టుకోవడం మేలు.