నెల రోజుల చికిత్సా, ఏడాది పాటు హోమా: దారి తప్పిన కొడుకును ఎక్కడ ఉంచడం మేలు?

"సారూ, పిల్లగాన్ని దవాఖానల ఎయ్యాల్నా, అయ్యగారు చెప్పిన హోముల ఎయ్యాల్నా?" దేవరకొండ చుట్టుపక్కల ఊళ్ల నుంచి నా దగ్గరకు వచ్చే తల్లులు ఈ ప్రశ్నను దాదాపు ఇవే మాటల్లో అడుగుతారు. ఉపాధ్యాయుడిగా పదవీ విరమణ చేసిన తరువాత, మొదట నా సొంత మేనల్లుడి కోసం, ఆపైన మా సంఘానికి చెందినవారూ చెందనివారూ అయిన మరో నలుగురు యువకుల కోసం నేను ఈ రెండు గుమ్మాలూ ఎక్కాను. అయ్యగారు అంటే పాస్టరు, హోము అంటే మత్తుకు చిక్కిన యువకులను దీర్ఘకాలం ఉంచుకుని బాగుచేసే క్రైస్తవ ఆశ్రయం. చిన్ననాటి నుంచి మెన్నొనైట్ బ్రదరన్ అనే క్రైస్తవ సంఘంలో పెరిగినవాణ్ణి కనుక నా మొగ్గు ఎటువైపు ఉంటుందో చదివేవారు ఊహించగలరు. అయినా, పిల్లవాడి ఒంట్లో ఏ మత్తు ఉన్నదో, ఎన్నాళ్లుగా ఉన్నదో తెలుసుకోకుండా హోమ్ పేరు చెప్పి పంపడం ఆ తల్లికి అన్యాయం చేయడమేనని నేను కష్టపడి నేర్చుకున్నాను.

మన నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో "మా వాడు తాగుతున్నాడు" అనే మాట వెనుక బెల్టు షాపు మందు ఉండవచ్చు, గంజాయి ఉండవచ్చు, అన్నింటికంటే ఎక్కువగా మందు కల్లు ఉండవచ్చు. చెట్టు కల్లు వేరు, మందు కల్లు వేరు. అల్ప్రాజోలం, డైజిపామ్, క్లోరల్ హైడ్రేట్ వంటి నిద్ర మందులు కలిపిన నీళ్లను కల్లు పేరుతో సీసాల్లో పోసి అమ్ముతున్నప్పుడు, తాగేవాడు అలవాటు పడుతున్నది కల్లుకు కాదు, ఆ మాత్రలకు. అధికారులు దాడులు చేసి దుకాణాలు మూయించిన ప్రతిసారీ, కల్లు దొరకక వణుకుతూ, అరుస్తూ, మనుషులను గుర్తుపట్టలేక ఆసుపత్రులకు చేరేవారి సంఖ్య అమాంతం పెరగడానికి కారణం ఇదే. 2015లో మహబూబ్‌నగర్, నిజామాబాద్ జిల్లాల్లో ఇది అందరూ చూసిన సంగతి.

నా మేనల్లుడు పూణేలో సెంట్రింగ్ పనికి పోయి వచ్చిన ఏడాది ఈ కల్లుకు చిక్కాడు. విసిగిపోయిన మా అక్క అతణ్ణి గదిలో పెట్టి గడియ వేసింది. మూడో రాత్రి నేను వెళ్లేసరికి అతడు దుప్పటి మీద లేని దారాలను ఒక్కొక్కటిగా ఏరుతున్నాడు. మూలన మేకలు నిలబడ్డాయని, వాటిని తోలమని నన్ను బతిమాలాడు. మంచినీళ్ల గ్లాసు నోటి దాకా తీసుకుపోయే లోపల సగం ఛాతీ మీద ఒలికింది. సంఘ పెద్దలు చుట్టూ కూర్చుని ప్రార్థన చేస్తున్నారు. మిషన్ ఆసుపత్రిలో ఏళ్ల తరబడి పనిచేసి వచ్చిన ఒక నర్సమ్మ అతడి నాడి పట్టుకుని చూసి, "ఇది దయ్యం కాదయ్యా, కల్లు దిగుతున్నది. ఫిట్స్ రాకముందే బండి ఎక్కించుండ్రి" అన్నది. ప్రార్థన మేము మానలేదు, బండిలోనే చేశాము.

ఆ రాత్రి ఆమె మాట విననట్లయితే ఏమయ్యేదో తలచుకుంటే ఈనాటికీ నాకు గుండె జల్లుమంటుంది. బాగా తాగేవాడు ఒక్కసారిగా మానినప్పుడు మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య మతి తప్పి, జ్వరం, చెమటలతో ప్రాణాపాయ స్థితికి చేరవచ్చు. అల్ప్రాజోలం వంటి మందులనైతే అసలు ఒక్కసారిగా ఆపకూడదు. వైద్యుడి పర్యవేక్షణలో మోతాదును వారాల తరబడి కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ రావాలి. కాబట్టి మొదటి మెట్టు విషయంలో ఆసుపత్రికీ హోముకూ పోటీయే లేదు. ఆసుపత్రి ముందు, మిగిలినవన్నీ తరువాత. ఒకప్పుడు దీనికి హైదరాబాదులోని ఎర్రగడ్డ మానసిక వైద్యశాల దాకా పోవలసి వచ్చేది. ఇప్పుడు మహబూబ్‌నగర్‌లో 2016లోనూ, నల్లగొండ, సూర్యాపేటల్లో 2019లోనూ ప్రభుత్వ వైద్య కళాశాలలు రావడంతో, మానసిక వైద్యుణ్ణి కలవడం ఒక పూట ప్రయాణంలో అయ్యే పని అయింది. బయలుదేరే ముందు 14446 అనే మత్తు విముక్తి హెల్ప్‌లైన్‌కు గానీ, ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలీ మానస్ 14416కు గానీ ఫోన్ చేస్తే దారి చెబుతారు.

అయితే ఆసుపత్రి మత్తును దించగలదు కానీ, పిల్లవాడి రోజును నింపలేదు. రెండు మూడు వారాల్లో రక్తం శుభ్రపడి, ఆకలి పుట్టి, ముఖం తేటపడి ఇంటికి వచ్చిన నా మేనల్లుడు, బస్సు దిగి ఇంటికి నడిచే దారిలోనే కల్లు కాంపౌండ్ ఉంది. అతడి స్నేహితులు అక్కడే ఉన్నారు. చేతిలో పని లేదు. పదకొండో రోజున మళ్లీ తాగాడు. వైద్యులు తమ పని తాము సక్రమంగానే చేశారు. లోపం నెల రోజుల గడువులో ఉంది.

ప్రైవేటు డీ-అడిక్షన్ కేంద్రాల గురించి ఎక్కువ చెప్పను. మంచివి లేవని కాదు. మేము రెండోసారి చేర్చిన ఒక కేంద్రంలో, డబ్బు ముందుగానే కట్టించుకున్న తరువాత నలభై రోజుల పాటు ఫోనులో కూడా మాట్లాడనివ్వలేదు. ఎత్తుకుపోయి కట్టేసి తీసుకువెళ్లే మనుషులు వారికి ఉన్నారు. మా వాడు తిరిగివచ్చినప్పుడు మణికట్టు మీద మచ్చలు చూసి మా అక్క ఏడ్చిన ఏడుపు నేను మరువలేను. 2001 ఆగస్టులో తమిళనాడులోని ఏర్వాడిలో, దర్గా చుట్టూ వెలసిన ఆశ్రమాలలో ఒకదానికి నిప్పంటుకున్నప్పుడు, గొలుసులతో కట్టేసి ఉన్నందున పారిపోలేక పాతికమందికి పైగా మానసిక రోగులు కాలిపోయారు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొలుసులతో బంధించడాన్ని నిషేధించింది. మద్యం, మత్తుమందుల వ్యసనంతో ముడిపడిన స్థితులను కూడా ఆ చట్టం తన పరిధిలోకి తీసుకుంది, అలాంటివారిని చేర్చుకుని ఉంచే సంస్థలు నమోదు కావాలని చెప్పింది. ఈ నియమం ఫీజు తీసుకునే కేంద్రానికి ఎంత వర్తిస్తుందో, శిలువ గుర్తు ఉన్న హోముకూ అంతే వర్తిస్తుందని మన సంఘాలవారు గ్రహించాలి.

ఇక క్రైస్తవ హోముల సంగతి. మత్తుకూ ముఠాలకూ చిక్కిన యువకులను దీర్ఘకాలం ఒకచోట ఉంచి, ప్రార్థన, పని, క్రమశిక్షణలతో నిలబెట్టాలనే పద్ధతికి, డేవిడ్ విల్కర్సన్ అనే పాస్టరు 1958లో న్యూయార్క్‌లో మొదలుపెట్టిన టీన్ ఛాలెంజ్ వలన ఎక్కువ పేరు వచ్చింది. అది తరువాత భారతదేశంతో సహా అనేక దేశాలకు వ్యాపించింది. ఆ నమూనాలో బస సాధారణంగా ఏడాది. మన వైపు ఉన్న చిన్న హోములు చాలావరకు ఏదో ఒక సంఘం ఆదరణతో, పదిమందీ పదిహేనుమందితో నడిచేవి. నేను ఇక్కడ తూచుతున్నది ఆ ఏడాది కాలాన్నే. తాగడం మానిన నెలకు మనిషి బాగుపడినట్లు కనిపిస్తాడు కానీ, నిద్ర, కోపం, ఓర్పు వంటివి కుదుటపడడానికి నెలలు పడుతుంది. ఆ నెలలలో అతడి పక్కన ఎవరు ఉంటారన్నదే అసలు ప్రశ్న.

మా వాణ్ణి మూడోసారి చేర్చినది అలాంటి ఒక హోములో. ఆరు వారాల తరువాత చూడడానికి వెళ్లినప్పుడు తెల్లవారుజామున అయిదు గంటలకే దీపాలు వెలిగాయి. పాట, వాక్యం అయిన తరువాత ఒకరు బర్రెల దగ్గరకు, ఇద్దరు బెండతోటకు, ఇద్దరు వంటింటికి వెళ్లారు. మా వాడు పెద్ద గంజు ముందు కూర్చుని, అడుగంటిన అన్నాన్ని కొబ్బరి పీచుతో రుద్దుతున్నాడు. చేయి వణకడం లేదు. నేను మొదట చూసింది అదే. అతడికి ఆ పని చూపించిన పెద్దబ్బాయి, మునుపు దొంగతనం కేసులో జైలుకు వెళ్లివచ్చినవాడు. "మామా, ఈ అన్న నాకంటె ఎక్కువ తాగినోడట" అని మా వాడు మెల్లగా అన్నాడు. ఆ మాటలో నాకు వినిపించిన ఆశ్చర్యం, ఆశ, ఏ వైద్యుడు చెప్పినా, ఏ మేనమామ చెప్పినా అతడిలో పుట్టి ఉండేవి కావు. అదే గోతిలో నుంచి లేచివచ్చినవాడు పక్కనే కూర్చుని గిన్నె కడగడం, జీతం కోసం కాకుండా దేవుడి పేరున, సొంత తమ్ముడిలా అతణ్ణి భరించడం, ఈ హోములలో నేను చూసిన గొప్ప బలం.

బలం ఉన్నచోటనే ప్రమాదం కూడా ఉంటుంది. విశ్వాసం ఉంటే మాత్రలు ఎందుకని మందులు పారవేయించే హోములో, ఫిట్స్ జబ్బు ఉన్నవాణ్ణి, మనసు మందులు వాడుతున్నవాణ్ణి ఒక్కరోజు కూడా ఉంచవద్దు. పొలం పని, పాడి పని నేర్పడం వేరు, ఏడాదంతా జీతం లేని కూలీగా వాడుకోవడం వేరు. పండిన కూరగాయలు ఎక్కడికి పోతున్నాయి, పిల్లవాడి పేరున ఏమైనా జమ అవుతున్నదా అని తండ్రి అడగాలి, అడిగినందుకు నొచ్చుకోని హోమే మంచి హోము. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లవాడినైతే, 2015 బాలల న్యాయ చట్టం కింద నమోదైన సంస్థలో తప్ప ఉంచకూడదు. అతడి దారి బాలల సంక్షేమ సమితి మీదుగా సాగాలి. పద్దెనిమిది నిండినవాణ్ణి అతడు ఒప్పుకోకుండా గేటు లోపల బంధించే హక్కు ఏ హోముకూ సొంతంగా లేదు. నేను చూసిన మంచి హోములో గేటుకు పగటిపూట తాళం ఉండేది కాదు. ఇద్దరు వెళ్లిపోయారని, ఒకడు నడిచి తిరిగివచ్చాడని ఆ హోము నడిపే బ్రదర్ దాచకుండా చెప్పారు.

బాప్తిస్మం విషయం ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే హిందూ కుటుంబాల తల్లిదండ్రులు దీనిని అడగడానికి మొహమాటపడతారు. 1950 నాటి షెడ్యూల్డు కులాల ఉత్తర్వు ప్రకారం క్రైస్తవ మతం స్వీకరించినవారికి ఎస్సీ హోదా ఉండదు. మన రాష్ట్రంలో వారిని బీసీ-సి వర్గంలో చేరుస్తారు. మొత్తం మీద పదిహేను శాతం రిజర్వేషన్ ఉన్న వర్గం నుంచి ఒక్క శాతం ఉన్న వర్గానికి మారడం, ఇరవై ఏళ్ల మాదిగ లేదా మాల కుర్రవాడి చదువునూ ఉద్యోగాన్నీ ఎంతగా తాకుతుందో వేరే చెప్పనక్కరలేదు. మత్తు దిగి మూడు నెలలైనా కానివాడు, తనకు అన్నం పెట్టినవారి ముందు కాదనలేక చేసే ఒప్పుకోలును ప్రభువు కోరుతాడని నేను నమ్మను. హోములో ఉన్నంత కాలం బాప్తిస్మం ఇవ్వము, ఇంటికి పోయి స్థిరపడ్డాక తానే వచ్చి అడిగితే చూస్తాము అని చెప్పే పాస్టర్లు ఉన్నారు. అలాంటివారి దగ్గరకు నేను అన్ని ఇళ్ల పిల్లలనూ నిస్సంకోచంగా పంపాను.

కేసు ఉన్న కుర్రవాడి లెక్క కొంచెం వేరు. గంజాయి తాగినందుకో, కొద్ది మోతాదుతో దొరికినందుకో కేసులో ఇరుక్కున్న వ్యసనపరుడు, స్వచ్ఛందంగా చికిత్సకు ముందుకు వస్తే ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ కల్పించే సెక్షన్ 64ఏ, మత్తుమందుల నియంత్రణకు ఉద్దేశించిన ఎన్‌డీపీఎస్ చట్టంలో ఉంది. కానీ ఆ చికిత్స ప్రభుత్వం నడిపే లేదా గుర్తించిన సంస్థలో జరగాలి, మధ్యలో మానివేస్తే ఆ రక్షణ పోవచ్చు. గుర్తింపు లేని హోములో ఏడాది ఉండి ఎంత మారినా, ఈ సెక్షన్ కింద అది లెక్కకు రాదు. చిన్న దొంగతనం, కొట్లాట కేసులలో మాత్రం 1958 నాటి ప్రొబేషన్ చట్టం ఇరవై ఒక్క ఏళ్లలోపు వారిని వీలైనంతవరకు జైలుకు పంపవద్దంటుంది. అప్పుడు హోము నుంచి వచ్చిన పెద్దమనిషి కోర్టులో నిలబడి ఇతడు మా దగ్గర ఉంటున్నాడు, పని చేస్తున్నాడు అని చెప్పగలగడం వకీలుకు ఎంతో ఆసరా. కాబట్టి కేసు ఉంటే ముందు వకీలును కలిసి, తరువాతే చోటు నిర్ణయించుకోవాలి.

ఇంటి దగ్గరే ఉంచి, సంఘం చాటున బాగుచేసుకోవడం కూడా ఒక దారే. భార్యాపిల్లలు ఉండి, చేతిలో మేస్త్రీ పనో, ఆటోనో ఉండి, తాగుడు ఒక్కటే సమస్య అయినవాణ్ణి ఏడాది పాటు తీసుకుపోతే ఇల్లే కూలుతుంది. అతడికి ఆసుపత్రి మందు, తాగుడు మానాలనుకునేవారు కలిసి నడుపుకునే ఆల్కహాలిక్స్ అనానిమస్ వారి వారం వారం సమావేశం, సాయంత్రం ఏడు గంటలకు తలుపు తట్టి పలకరించే ఒక సంఘ పెద్ద ఉంటే చాలు. మా నలుగురిలో ఒకరు ఇలాగే నిలబడ్డారు.

పెళ్లి కాని, పని లేని, ఊళ్లో తాగే గుంపు తప్ప వేరే స్నేహం లేని ఇరవై ఏళ్లవాడికి మాత్రం, ఆసుపత్రిలో మత్తు దిగిన తరువాత, తెరిచిన గేటూ, వైద్యుడి రాకపోకలూ ఉన్న క్రైస్తవ హోములో ఏడాది ఉండడమే మేలని నా నిశ్చితాభిప్రాయం. ఆ హోమును ఎంచుకునేటప్పుడు నేను చివరగా ఒక ప్రశ్న అడుగుతాను. ఇక్కడి నుంచి వెళ్లిన పిల్లవాడిని మళ్లీ ఎప్పుడు చూస్తారు? మా వాడిని చేర్చుకున్న బ్రదర్, అతడిని పంపే ముందు మా ఊరికి రెండుసార్లు వచ్చి, బస్టాండు నుంచి మా అక్క ఇంటికి కల్లు కాంపౌండ్ ముందు నుంచి కాకుండా వేరే దారి ఉన్నదా అని అడిగి, చెరువు కట్ట మీదుగా ఆ దారిని తానే నడిచి చూశారు. మిర్యాలగూడ వైపు ఒక రైస్ మిల్లులో మోటార్ల మరమ్మతు పని కుదిరిన తరువాత కూడా, ప్రతి శనివారం సాయంత్రం ఆయన ఫోన్ వస్తూనే ఉండేది. మా వాడు ఆ ఫోన్ కోసం పని మధ్యలో చేతులు తుడుచుకుని కూర్చునేవాడు.