అందమైన పేరు వద్దు, అసలు లైను చూపించండి: కార్డు యాప్‌లో ‘వివరాలు’ పేజీ, మూడేళ్ల వాడకం తర్వాత

బిల్లు కట్టడం, పాయింట్లు, పిన్ మార్చడం లాంటివి ఏ యాప్‌లోనైనా ఒకటే, వాటి జోలికి పోను. ఈ యాప్ మీద మూడేళ్లుగా తగ్గని కోపం ఒక్కటే. కార్డు గీకినప్పుడు షాపు నుంచి వచ్చిన అసలు లైనును, అంటే షాపు పేరు, ఊరు ఉండే వరుసను దాచేసి, తనకు తోచిన పేరేదో అతికించి చూపిస్తుంది. పెద్ద షాపులకు ఇది బాగానే కుదురుతుంది, లోగో కూడా వస్తుంది. బూట్లకు సోల్ వేసే, హీల్ మార్చే చిన్న షాపు దగ్గరకు వచ్చేసరికే ఈ సోకంతా తలనొప్పి అవుతుంది.

అసలు లైను ఎలా పుడుతుందో చూస్తే ఆ తలనొప్పి ఎక్కడిదో తెలుస్తుంది. కార్డు మెషిన్ పంపే సందేశంలో షాపు పేరు, ఊరు, దేశం అన్నీ కలిపి 40 అక్షరాల్లో ఇమడాలి. పేరుకు వీసాలో 25, మాస్టర్‌కార్డులో 22. ఊరికి 13. అక్కడ కూర్చునే పేరు బోర్డు మీద రాసుకున్నది కావాలనేమీ లేదు, మెషిన్ తీసుకున్న రోజు దరఖాస్తులో రాసిచ్చినది. అది యజమాని సొంత పేరు కావచ్చు. చేతులు మారిన షాపైతే పాత పేరే నడుస్తూ ఉండవచ్చు. తాళంచెవులు చేసే పని, బ్యాగుల జిప్పులు మార్చే పని కూడా ఉన్న చోట బూట్ల మాటే ఉండకపోవచ్చు. ఊరు కూడా అంతే, రిజిస్టర్ చేసిన చిరునామాలోది. అందుకే పక్క వీధిలో హీల్ మార్పిస్తే స్టేట్‌మెంట్లో ఎప్పుడూ వెళ్లని ఊరు కనిపిస్తుంది.

షాపువాళ్లు మెషిన్‌ను బ్యాంకు నుంచి కాకుండా మధ్యవర్తి పేమెంట్ కంపెనీ నుంచి తీసుకుంటే ఇంకో చిక్కు. ముందు ఆ కంపెనీ గుర్తు, తర్వాత ఒక చుక్క (*), ఆ తర్వాతే షాపు పేరు. గుర్తుకు మామూలుగా 3, 7 లేదా 12 అక్షరాలు. 22 అక్షరాల లైనులో గుర్తే 12 తినేస్తే, చుక్క పోను షాపుకు మిగిలేది 9. ఆ తొమ్మిదిలో సగం తెగిన పేరైనా కళ్లకు కనబడితే గుర్తుపట్టవచ్చు. యాప్ ఏం చేస్తుందంటే, చుక్క తర్వాత ఉన్నదంతా కత్తిరించి మధ్యవర్తి కంపెనీ పేరు, దాని లోగో పెడుతుంది. ఇక సోల్ వేసిన షాపు, జుట్టు కత్తిరించే షాపు, పాత పుస్తకాల స్టాలు, అన్నీ ఒకే పేరుతో వరుసకడతాయి.

పైగా ఆ రంగు బొమ్మల వర్గాలు. చెప్పులు, బూట్లు రిపేరు చేసే షాపులకు కార్డు లోకంలో విడిగా ఒక కోడ్ ఉంది, 7251. పాలిష్ చేసేవాళ్లు, టోపీలు శుభ్రం చేసేవాళ్లు కూడా ఇందులోనే (టోపీలు ఇక్కడికి ఎలా వచ్చాయో, సరదాగానే ఉంటుంది). ఈ నాలుగంకెలు చూపిస్తే సగం అనుమానం అక్కడికక్కడే తీరుతుంది. కానీ యాప్ దాన్ని ‘ఇతర సేవలు’లోకి తోసేస్తుంది. కొత్త బూట్లు కూడా అమ్మే షాపైతే 5661, బట్టల డ్రైక్లీనింగ్ కౌంటర్లోనే బూట్లూ తీసుకుంటే 7216, అన్ని రకాల రిపేర్లూ చేసే చోట 7699 పడవచ్చు. వర్గాన్ని బట్టి పాయింట్లిచ్చే కార్డయితే ఒకే పనికి ఒక షాపులో పాయింట్లు వచ్చి ఇంకో షాపులో రాకపోవడానికి కారణం ఇదే.

ఇవన్నీ చికాకులు మాత్రమే. యాప్ నిజంగా చేతులెత్తేసింది బ్యాచ్ విషయంలో, అంటే షాపు తన కార్డు అమ్మకాలను కట్టగా కట్టి బ్యాంకుకు పంపే దగ్గర.

రిపేరు షాపులో డబ్బు తరచుగా రెండు విడతలు. బూట్లు ఇచ్చేటప్పుడు సగం అడ్వాన్స్, చీటీ చూపించి తీసుకునేటప్పుడు మిగతా సగం. రెండూ సమానమైన మొత్తాలు. అడ్వాన్స్ గీకిన వెంటనే అలర్ట్ వచ్చింది, యాప్‌లో ‘పెండింగ్’ అని పడింది. ఇక్కడ జరిగింది అనుమతి మాత్రమే. బ్యాంకు ఆ మొత్తాన్ని పక్కన పెట్టింది, షాపుకు ఇంకా ఇవ్వలేదు. షాపు తన మెషిన్లో ఆ రోజు అమ్మకాల బ్యాచ్‌ను మూసి పంపితేనే లెక్క ముందుకు కదులుతుంది. చాలా మెషిన్లు రాత్రికి తమంతట తామే పంపిస్తాయి. చేత్తో మూయాల్సిన మెషిన్లో, రోజుకు నాలుగైదు కార్డులే వచ్చే షాపు దాన్ని మరిచిపోతుంది.

వారం తర్వాత పెండింగ్ లైను మాయమైంది. యాప్ ఒక్క ముక్క చెప్పలేదు, ఇంకా వాడుకోగల మొత్తం పెరిగింది, అంతే. ఛార్జ్ రద్దయిందని ఎవరైనా అనుకుంటారు. నిజానికి అనుమతికి గడువు తీరి పక్కన పెట్టిన డబ్బు విడుదలైంది, బాకీ మాత్రం అలాగే ఉంది. పదో రోజు బూట్లు తీసుకుంటూ మిగతా సగం చెల్లింపు. పదకొండో రోజు షాపు బ్యాచ్ మూసింది. పాతదీ కొత్తదీ కలిసి ఒకే రోజు పోస్ట్ అయ్యాయి, అంటే ఖాతాలో ఖరారుగా పడ్డాయి. ఒకే పేరు, ఒకే మొత్తం, ఒకే తేదీ. పైన పసుపు రంగు పట్టీలో యాప్ సలహా: ‘ఇది రెండుసార్లు పడిందా?’

పడలేదు. కానీ ఆ పేజీ చూసి ఆ మాట తేల్చడం ఎవరి తరమూ కాదు, ఎందుకంటే అది పోస్ట్ అయిన తేదీ ఒక్కటే చూపిస్తోంది, గీకిన తేదీని దాచేసింది.

దీన్ని తేల్చింది అదే పేజీ అడుగున ‘మరిన్ని’ అనే చిన్న అక్షరాల వెనక ఉన్నది, గతేడాది అప్‌డేట్‌లో వచ్చింది. ఈ యాప్‌లో మనసారా మెచ్చుకోగలిగింది అదొక్కటే. నొక్కితే కత్తిరించని అసలు లైను, గీకిన తేదీ, ఆరు అక్షరాల అప్రూవల్ కోడ్, 23 అంకెల ఏఆర్ఎన్ (బ్యాంకుల మధ్య ఆ లావాదేవీని వెతికి పట్టుకునే నంబరు) వస్తాయి. అప్రూవల్ కోడ్ మెషిన్ స్లిప్ మీద కూడా అచ్చవుతుంది. రెండు లైన్ల కోడ్‌లు వేర్వేరుగా ఉండి, ఒకటి అడ్వాన్స్ స్లిప్‌తో, రెండోది తీసుకున్నప్పటి స్లిప్‌తో సరిపోతే అవి రెండు అమ్మకాలు. రెండు లైన్లలో కోడ్ ఒకటే అయి, ఏఆర్ఎన్‌లు మాత్రం వేరైతే, ఒకే అమ్మకం రెండుసార్లు పంపారని దాదాపు ఖాయం. అప్పుడు బ్యాంకుకు ఫిర్యాదు పెట్టుకోవచ్చు.

ఏఆర్ఎన్‌ను చూసి భయపడనక్కర్లేదు. మొదటి అంకె రకం గుర్తు, తర్వాతి ఆరు షాపు వైపు బ్యాంకువి, 8 నుంచి 11 వరకు నాలుగంకెలు తేదీ, తర్వాత పదకొండు వరుస నంబరు, చివరిది తనిఖీ అంకె. ఆ నాలుగింట్లో 5045 అని ఉంటే, 5తో ముగిసే సంవత్సరంలో 45వ రోజు, అంటే ఫిబ్రవరి 14. ఇది షాపు బ్యాంకు లెక్కలోకి తీసుకున్న రోజు, కార్డు గీకిన రోజు కాదు. అందుకే పై ఉదంతంలో రెండు లైన్ల ఏఆర్ఎన్‌లలోనూ ఒకే తేదీ వచ్చింది, తేడా చూపించింది గీకిన తేదీ, అప్రూవల్ కోడ్. రీఫండ్ వచ్చిందా లేదా అని వెతికేటప్పుడు రీఫండ్‌కు ఉండే సొంత ఏఆర్ఎన్ అడగాలి. కొనుగోలుది పట్టుకు తిరిగితే దొరకదు. అన్నట్టు, సోల్ ఊడిపోయిందని వెంటనే వెనక్కి వెళితే, బ్యాచ్ మూయకముందే షాపు ‘వాయిడ్’ (రద్దు) కొట్టగలదు. అప్పుడు లైను పడకుండానే పోతుంది. మూశాక అయితే రీఫండే, విడి లైనుగా కొన్ని రోజులకు వస్తుంది.

ఇంతకుముందు ఈ యాప్ అలర్ట్‌ల వేగాన్ని చాలామంది దగ్గర పొగిడాను. ఆ పొగడ్తను కాస్త సవరించుకోవాలి. అలర్ట్ అనుమతికి వస్తుంది, పోస్ట్ అయినప్పుడు రాదు. పైన చెప్పినట్టు పెండింగ్ రాలిపోయి మళ్లీ పడిన లైనుకు శబ్దమే లేదు. బిల్లు తేదీ దాటి పోస్ట్ అయితే అది వచ్చే నెల స్టేట్‌మెంట్లోకి పోతుంది, ఈ నెల లెక్క సరిపోయిందని సంబరపడితే పప్పులో కాలేసినట్టే.

ఇంకో హెచ్చరిక. పక్కనే కనిపించే ‘నేను చేయలేదు’ బటన్‌ను పేరు గుర్తురాలేదని నొక్కకూడదు. అది మోసం కింద నమోదవుతుంది. కార్డు బ్లాక్ చేసి కొత్తది పంపుతారు, పాత కార్డుకు ముడిపెట్టిన నెలసరి చెల్లింపులు ఒక్కొక్కటే తప్పుతాయి. పైగా చిప్ పెట్టి పిన్ కొట్టిన లావాదేవీని మోసం అని నిలబెట్టడం చాలా కష్టం. రెండుసార్లు పడితే ‘రెండుసార్లు పడింది’, మొత్తం తేడా వస్తే ‘మొత్తం తప్పు’, రీఫండ్ రాకపోతే ‘రీఫండ్ రాలేదు’ అనే కారణాలు రెండో తెరలో విడిగా ఉంటాయి, అక్కడికి వెళ్లాలి. వీసా, మాస్టర్‌కార్డు లాంటి నెట్‌వర్క్‌ల నిబంధనల్లో చాలా కారణాలకు 120 రోజుల గడువుంటుంది. కానీ అది బ్యాంకులకు పెట్టిన గడువు. కార్డుదారుకు బ్యాంకు ఇచ్చేది దానికంటే తక్కువ ఉండవచ్చు, షరతుల కాగితం చూడాలి. వీటన్నిటికంటే ముందు స్లిప్ మీది నంబరుకు ఒక ఫోన్. స్లిప్ మీద అచ్చయ్యే పేరే చాలాసార్లు స్టేట్‌మెంట్లోనూ వస్తుంది కాబట్టి, చీటీతో పాటు దాన్ని కూడా బూట్లు చేతికొచ్చి, రెండు లైన్లూ పోస్ట్ అయ్యేదాకా దాచుకుంటే చాలు.

యాప్ మార్చాలా అంటే, నేనైతే ఇంకా మార్చలేదు. నెలకు ముప్పై నలభై లైన్లే వస్తాయి, స్లిప్పులు డబ్బాలో వేసే అలవాటుంది, ‘మరిన్ని’ నొక్కే ఓపికా ఉంది. ఒకే కార్డును ఇంట్లో నలుగురు వాడుతూ, స్లిప్పులు అక్కడే పారేసి వచ్చేవాళ్లయితే, అసలు లైనును మొదటి తెర మీదే చూపించే యాప్ వెతుక్కోవడం నయం. ఐదుకు మూడు ఇస్తాను. అందులో రెండు ఆ ‘మరిన్ని’కే.