బల్లార్షా ఎండకు నిలిచినవి, నిలవనివి: రైలు నమూనా కిట్లపై ఒక సమీక్ష

రైలు నమూనాల కిట్లపై సమీక్షలు చాలావరకు రంగు ఆరిన రోజున తీసిన ఫొటోతోనే ముగుస్తాయి కాబట్టి, ఆ తరువాత ఏళ్ల తరబడి ఆ వ్యాగన్లు పట్టాలపై ఎలా నడిచాయో, వాటిలో ఏవి ఊడాయో, ఏవి వంగాయో కొనదలచినవారికి తెలియదు. నేను ఉంటున్నది మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లా బల్లార్షాలో. మే నెలలో ఉష్ణోగ్రత 46, 47 డిగ్రీలు తాకే రోజులుంటాయి, బొగ్గు నుసి కిటికీలు మూసినా గదిలోకి వస్తుంది, వానలు మొదలైతే గోడలు చెమ్మగిల్లుతాయి. ఇటువంటి చోట, ఏసీ లేని మేడ గదిలో, చాలా ఏళ్లుగా నడుపుతున్న నాలుగు రకాల కిట్ల గురించి రాస్తున్నాను: బ్రిటిష్ ప్లాస్టిక్ వ్యాగన్లు, అమెరికన్ ప్లాస్టిక్ వ్యాగన్లు, మన దేశంలోనే త్రీడీ ప్రింటర్‌పై తయారైన రెజిన్ (కాంతికి గట్టిపడే ద్రవ ప్లాస్టిక్) బాక్స్‌ఎన్ వ్యాగన్లు, అంటే మన రైల్వేలో బొగ్గు మోసే పైకప్పు లేని వ్యాగన్లు, చివరగా ఇంజన్లు. కిట్ విలువ తేలేది కింది చట్రం దగ్గరే అన్నది ఇన్నేళ్ల వాడుకలో నాకు స్థిరపడిన అభిప్రాయం. పైపెట్టెలో లోపాలుంటే రంగుతో, ఓపికతో సరిదిద్దుకోవచ్చు; చట్రం వంకరగా వస్తే ఆ వ్యాగన్ ఉన్నన్నాళ్లూ పట్టాలు తప్పుతూనే ఉంటుంది.

మొదట పార్క్‌సైడ్ కిట్లు. ఇప్పుడు వీటిని పీకో సంస్థ అమ్ముతోంది. ఇవి 1:76 స్కేలులో, 16.5 మి.మీ. గేజి పట్టాలపై నడిచే బ్రిటిష్ గూడ్సు వ్యాగన్లు. వీటిలో ఎక్కువ భాగం రెండే ఇరుసులున్నవి. నేను కట్టినవాటిలో లోహపు చక్రాలు, ఇత్తడి బేరింగ్ గిన్నెలు పెట్టెలోనే వచ్చాయి. ఇరుసు కొనలు సూదిగా ఉండి ఆ గిన్నెల్లో తిరుగుతాయి కనుక, చట్రం చదరంగా నిలిచిందంటే వ్యాగన్‌ను ఊదితే కదులుతుంది. పైపెట్టె కట్టేటప్పుడు నాలుగు గోడలను ఒకేసారి కూర్చకుండా, ఒక పక్క గోడను, ఒక చివరి గోడను మూలమట్టానికి ఆనించి ముందు ఒక మూలగా అతికించి, మిగిలిన రెండిటినీ అలాగే మరో మూలగా చేసి, ఆ తరువాత రెండు మూలలనూ కలపడం మంచిది. చట్రాన్ని అద్దపు పలక మీద పెట్టి ఆరనివ్వాలి. నాలుగు చక్రాలూ అద్దాన్ని తాకుతున్నాయో లేదో జిగురు గట్టిపడకముందే చూడాలి. చక్రాల లోపలి ముఖాల మధ్య దూరం 14.5 మి.మీ. ఉండాలి. కిట్‌తో వచ్చిన చక్రాలైనా ఈ కొలత చూడకుండా బిగించకూడదు.

బరువు విషయంలో బ్రిటిష్ నమూనాలు కట్టేవారు ఇరుసుకు 25 గ్రాముల లెక్క పాటిస్తారు. రెండు ఇరుసుల వ్యాగన్‌కు 50 గ్రాములన్నమాట. ప్లాస్టిక్ పెట్టె అందులో సగం కూడా తూగదు కాబట్టి వ్యాగన్ నేల కింద బరువు అతికించాలి. సీసపు గుండ్లను ఫెవికాల్ వంటి తెల్ల జిగురుతో మూసిన అరలో నింపవద్దు. ఆ జిగురు నుంచి వచ్చే ఆమ్లపు ఆవిరికి సీసం చిలుము పట్టి, ఉబ్బి, కొన్నేళ్లకు పెట్టెను లోపలి నుంచి చీల్చేస్తుంది. టైర్ల దుకాణాల్లో చక్రాల బ్యాలెన్సింగ్ కోసం అంటించే 5 గ్రాముల, 10 గ్రాముల ఇనుప ముక్కలు దీనికి సరిగ్గా సరిపోతాయి, చవక కూడా. నా పార్క్‌సైడ్ వ్యాగన్లలో ఇన్నేళ్లకు ఊడినవి బ్రేకు మీటలు, ఒకటి రెండు మెట్లు మాత్రమే. ఈ కిట్ల ప్లాస్టిక్ అయిన పాలీస్టైరీన్ మెత్తబడేది దాదాపు 100 డిగ్రీల దగ్గర కాబట్టి, ఎండలో నిలిపిన కారులో మరచిపోతే తప్ప మన వేసవి దాన్ని ఏమీ చేయలేదు.

అమెరికన్ కిట్లలో నేను వాడినవి అక్యురైల్‌వి, 1:87 స్కేలువి. వీటిలో కట్టడం కన్నా బిగించడమే ఎక్కువ. గోడలు, పైకప్పు ఒకే ముక్కగా అచ్చు పోసి వస్తాయి. ఒక సాయంత్రంలో వ్యాగన్ సిద్ధమవుతుంది. మరలతో బిగించే రెండు ట్రక్కుల్లో (చక్రాలుండే బోగీలకు అమెరికన్ పేరు) ఒకదాన్ని పక్కలకు ఊగకుండా, తిరగడానికి మాత్రం వీలుండేలా బిగించి, రెండోదాన్ని కాస్త వదులుగా ఉంచితే, ఎగుడుదిగుడు పట్టాలపైనా అన్ని చక్రాలూ ఆనుతాయి. నా కిట్లలో వచ్చిన ప్లాస్టిక్ చక్రాలు మాత్రం బొగ్గు నుసిని పట్టుకొని తిరిగి పట్టాలకే పూశాయి. వాటిని తీసేసి లోహపు చక్రాలు వేసిన తరువాత పట్టాలు తుడవవలసిన పని బాగా తగ్గింది. వ్యాగన్లను కలిపే కొక్కేల విషయంలో కేడీ సంస్థ లోహపు కప్లర్లకు డబ్బు పెట్టినందుకు నేనెప్పుడూ చింతించలేదు.

ఇక అసలు విషయం బాక్స్‌ఎన్. మధ్య రైల్వే ముగిసి దక్షిణ మధ్య రైల్వే మొదలయ్యే ఈ ఊళ్లో ఉంటూ బ్రిటన్ బొగ్గు వ్యాగన్లతోనే సరిపెట్టుకోవడం ఎవరికైనా కష్టం. అచ్చు పోసిన ప్లాస్టిక్ బాక్స్‌ఎన్ కిట్ నాకు దొరకలేదు కాబట్టి, ఒక చిన్న తయారీదారు త్రీడీ ప్రింటర్‌పై తీసి అమ్ముతున్న రెజిన్ కిట్లు కొన్నాను. అసలు బాక్స్‌ఎన్ కప్లర్ల ముఖాల మధ్య పొడవు 10,713 మి.మీ.; 1:87లో అది 123 మి.మీ. కావాలి. కిట్ ఆ కొలతకు సరిగ్గా వచ్చింది. పక్క గోడల నిలువు పట్టీలు, తలుపుల గడియలు, పై అంచు మడత ఎంత శుభ్రంగా ఉన్నాయంటే, పక్కనే పెట్టిన అమెరికన్ అచ్చు వ్యాగన్ మొద్దుగా కనిపించింది. పైపెట్టె వరకే అయితే నేను చూసిన కిట్లన్నిటిలో ఇదే మేటి.

చట్రం దగ్గరే కథ మారింది. రోళ్లు పగిలే రోహిణీ కార్తెలో, గదిలో అలమర మీద ఉన్న వ్యాగన్ల నేలలు నడుమ కిందికి కుంగాయి. సాధారణ ప్రింటింగ్ రెజిన్లు చాలావరకు 45 నుంచి 60 డిగ్రీల మధ్యనే బరువుకు వంగడం మొదలుపెడతాయి. అతినీలలోహిత కాంతిలో పూర్తిగా గట్టిపరచకుండా పంపిన ముక్కలైతే ఇంకా ముందే వంగుతాయి. గోడలు కాస్త బయటికి ఉబ్బినా ఫర్వాలేదు. బొగ్గు ఒత్తిడికి అసలు బాక్స్‌ఎన్ గోడలూ అలాగే ఉబ్బి ఉంటాయి. నేల కుంగితే మాత్రం రెండు ట్రక్కులూ లోపలివైపు వాలి, కప్లర్ల ఎత్తు మారి, రేక్ (ఒకే బండిగా కలిపిన వ్యాగన్ల వరుస) నడుమ బండి తెగిపోతుంది. చేయి కాలేంత వేడి నీళ్లలో నేలను కొద్దిసేపు ముంచి, అద్దపు పలక మీద బరువు పెట్టి చల్లార్చితే తిన్నగా వస్తుంది కానీ, అలా వదిలేస్తే మరుసటి వేసవికి మళ్లీ కుంగుతుంది. తిన్నగా చేసిన వెంటనే నడిమి దూలం వెంట ఇత్తడి పట్టీని ఆరల్డైట్‌తో అతికించినవి ఆ తరువాత కదలలేదు. ఈ కిట్ కొన్నవారు పట్టీని మొదటి రోజే వేసుకోవడం మంచిది.

అసలు బాక్స్‌ఎన్ కింద ఉండే కాస్నబ్ బోగీ ఇరుసుల మధ్య దూరం 2,000 మి.మీ., అంటే నమూనాలో 23 మి.మీ. బయటికి ఒకే తరహాగా కనిపించే అమెరికన్ 100 టన్నుల ట్రక్కులో ఇది దాదాపు 20.4 మి.మీ. మాత్రమే. కిట్‌లో వచ్చిన రెజిన్ ట్రక్కుల్లో ఇరుసు రంధ్రాలు త్వరగా అరిగాయి కనుక, వాటిని పిన్‌వైజుతో (చేత్తో తిప్పే చిన్న డ్రిల్లుతో) కొంచెం పెద్దవి చేసి ఇత్తడి గిన్నెలు వేశాను. చక్రం వ్యాసం 1,000 మి.మీ., నమూనాలో 11.5 మి.మీ. యూరప్ నమూనాల కోసం దొరికే 11 మి.మీ. లోహపు చక్రాలు దీనికి బాగా దగ్గర. కప్లర్ ఎత్తు మరో చిక్కు. మన దగ్గర ఖాళీ వ్యాగన్ కప్లర్ పట్టాల నుంచి గరిష్ఠంగా 1,105 మి.మీ. ఎత్తులో, అంటే నమూనాలో 12.7 మి.మీ. దగ్గర ఉంటుంది. కేడీ కప్లర్లు అమెరికన్ ప్రమాణమైన 9.9 మి.మీ.కు తయారైనవి. నేను మన వ్యాగన్లను మన ఎత్తులోనే ఉంచాను. దానివల్ల పట్టాల మధ్య అయస్కాంతంతో కప్లర్లు విడదీసే వసతి పోయింది. అగరుబత్తి పుల్లను చెక్కి, కప్లర్ల నడుమ దించి మెలితిప్పి విడదీస్తున్నాను. బరువుకు అమెరికన్ రైలు నమూనాల సంఘం (ఎన్‌ఎంఆర్‌ఏ) సూత్రాన్నే పాటించాను: మొదట 28 గ్రాములు, ఆపై ప్రతి అంగుళానికి 14 గ్రాముల చొప్పున, ఈ పొడవుకు సుమారు 96 గ్రాములు. 58 వ్యాగన్ల అసలు రేక్‌ను ఈ స్కేలులో కడితే ఏడు మీటర్లు దాటుతుంది కాబట్టి ఆ ఆశ మాత్రం పెట్టుకోలేదు.

జిగురుల గురించి రెండు మాటలు. టామియా పలుచని సిమెంటు అతుకు సందులోకి తనంతట తాను పాకి ప్లాస్టిక్‌ను కరిగించి కలుపుతుంది. మే నెల మధ్యాహ్నం అయితే సందు చివరికి చేరకముందే ఆవిరైపోతుంది కనుక ఆ పని తెల్లవారుజామునే పెట్టుకోవాలి. మండే ద్రవం కాబట్టి ఇటువంటివి విమానంలో వెళ్లే పార్సిళ్లలో రావు. దేశంలోనే నిల్వ ఉన్న దుకాణం నుంచి రోడ్డు కొరియర్‌లో తెప్పించుకోవాలి. ఫెవిక్విక్ రకం జిగురు గాలిలోని తేమతో గట్టిపడుతుంది కనుక ఇక్కడ ఏప్రిల్‌లో బద్ధకంగాను, జూలైలో చేయి తీసేలోపుగాను పనిచేస్తుంది. రెజిన్‌కు అది తప్పదు. ఏళ్లు గడిచేకొద్దీ పెళుసుబారుతుంది, రంగు మీద తెల్లని మసక కూడా వదులుతుంది.

రంగులు, వాడుక మరకల పనిలో మన ఊరి యార్డును మించిన పాఠశాల లేదు. పాత బాక్స్‌ఎన్ బయట ఎర్రటి గోధుమ రంగులో ఉన్నా, లోపల రంగన్నది మిగలదు; బొగ్గు రాపిడికి ఉక్కు నల్లగా మెరుస్తూ, అక్కడక్కడ తాజా తుప్పుతో ఉంటుంది. వ్యాగన్‌ను తిరగేసి బొగ్గు కుమ్మరించే టిప్లర్ యంత్రపు పట్లకు, లోడరు బొచ్చెల దెబ్బలకు పై అంచు తిన్నగా ఉన్న వ్యాగన్ అరుదు. రెజిన్ అంచును సన్నని ఆకురాయితో పలుచన చేసి, వేడి చెంచాతో అక్కడక్కడ నొక్కితే ఆ సొట్టలు వస్తాయి. గోడల మీద తనిఖీ సిబ్బంది గీసే సుద్ద గుర్తులకు తెల్ల పెన్సిల్ చాలు. పొడి పాస్టెల్ కడ్డీలను ఎమరీ కాగితంపై అరగదీసిన పొడితో తుప్పు, ధూళి వేసి, మెరుపు లేని వార్నిష్‌తో మూయాలి. లోడుకు అసలు బొగ్గునే నలిపి, పలుచని గుడ్డతో జల్లెడ పట్టి వాడుతున్నాను. పైన నీళ్లు కలిపిన జిగురు పూత వేయకపోతే ఆ పొడి ఇంజన్ గేర్లలో చేరుతుంది.

పదకొండంకెల వ్యాగన్ నంబరులో మొదటి రెండు రకానికి, తరువాతి రెండు యజమాని రైల్వేకు, ఆపై రెండు తయారైన సంవత్సరానికి, నాలుగు వరుస సంఖ్యకు చెందితే, చివరిది సరిచూసే అంకె. కిట్‌తో వచ్చిన డెకాల్ (నీళ్లలో నానబెట్టి అంటించే అక్షరాల పొర) కాగితంలో అన్ని వ్యాగన్లకూ ఒకే నంబరు ఉండడం నాకు రుచించలేదు. అసలు గూడ్సు రేక్‌లలో అన్ని రైల్వేల వ్యాగన్లూ కలిసే తిరుగుతాయి. లేజర్ ప్రింటరులో సొంతంగా ముద్రించుకున్నాను. డెకాల్ వేసే చోట ముందుగా మెరిసే వార్నిష్ పూయకపోతే అంచుల కింద గాలి చిక్కి వెండిలా మెరుస్తుంది.

ఇంజన్లలో నాకు ఎక్కువ తృప్తినిచ్చింది డబ్ల్యూడీఎం-2. అమెరికాలోని ఆల్కో రూపకల్పనతో 1962లో వచ్చిన 2,600 హార్స్‌పవర్ డీజిల్ ఇది. పొడవు 17,120 మి.మీ., నమూనాలో 197 మి.మీ. దాని రెజిన్ పైభాగాన్ని, అట్లాస్ వారి ఆర్‌ఎస్‌డీ-5 ఇంజన్ కింది భాగంపై కూర్చాను. రెండూ ఆల్కో ఇంజన్లే కాబట్టి అసమాన దూరాల్లో మూడు ఇరుసులుండే బోగీల తరహా కుదురుతుంది. చక్రాలు మాత్రం ఒక మిల్లీమీటరు వరకు చిన్నవి. నడుస్తున్నప్పుడు అది కంటికి ఆనదు. రెజిన్ చేతిపట్టీలు ముట్టుకుంటే విరిగాయి. సంగీత పరికరాల దుకాణంలో దొరికే తంబూరా ఇత్తడి తీగలో సన్నరకం తెచ్చి, లాగి తిన్నగా చేసి వాటి స్థానంలో వేశాను. ఇంజన్ బరువంతా లోహపు చట్రంలోనే ఉంది కాబట్టి రెజిన్ పైభాగం ఇక్కడ ఏ వేసవికీ వంగలేదు.

ఇత్తడి రేకు కిట్‌గా వచ్చిన బ్రిటిష్ ఆరు చక్రాల ట్యాంకు ఇంజన్ వేరే లోకం. కంసాలి పనిముట్లమ్మే దుకాణంలోని ఆకురాళ్లు, పట్టకార్లు, రంపపు తీగ దీనికి అన్నివిధాలా సరిపోతాయి. రేకును చింతపండుతో తోమి కడిగి, ఫాస్ఫారిక్ ఆమ్లపు ఫ్లక్స్‌తో (టంకం పట్టేలా లోహాన్ని శుభ్రపరిచే ద్రవంతో) టంకం వేస్తే అతుకు శుభ్రంగా పారుతుంది. ఆ ఆమ్లాన్ని ఏ రోజుకారోజు కడగకపోతే వానాకాలంలో పచ్చటి చిలుము రంగు కిందినుంచి పైకి వస్తుంది. ఒక పక్క చక్రాల క్రాంకులకు (చక్రాలను కలిపే కడ్డీలు తగిలే పిన్నులకు), రెండో పక్కవాటికి 90 డిగ్రీల తేడా మూడు ఇరుసుల్లోనూ ఒకేలా ఉండాలి. ఇరుసుల దూరాన్ని కలుపు కడ్డీల రంధ్రాలను బట్టే నిర్ణయించాలి. ఇవి కుదిరాక ఆ ఇంజన్ నడక, నా దగ్గరున్న ఏ కొన్న ఇంజన్‌కూ లేదు. అయితే కిట్ ధరకు మోటారు, గేరుపెట్టె, చక్రాలు విడిగా చేరతాయి. వాటిపై కొరియర్, కస్టమ్స్ ఖర్చులు కలిపితే మొత్తం సులభంగా రెట్టింపవుతుంది.

గేజి సంగతి దాచడంలో అర్థం లేదు. మన 1,676 మి.మీ. పట్టాలు 1:87లో 19.3 మి.మీ. కావాలి, దొరికేవి 16.5 మి.మీ.వి. పక్కనుంచి చూస్తే తేడా తెలియదు. ఎదురుగా చూస్తే డబ్ల్యూడీఎం-2 కాళ్లు దగ్గరపెట్టి నిలబడ్డట్టే ఉంటుంది. చక్రాలు, పట్టాలు అన్నీ సొంతంగా చేసుకునే ఓపిక ఉన్నవారు సరైన గేజికి వెళ్లవచ్చు, నేను రాజీపడ్డాను. ఒకప్పుడు చంద్రపూర్‌లోని చాందా ఫోర్ట్ స్టేషన్ దాకా వచ్చిన 762 మి.మీ. నారోగేజి బండికి మాత్రం ఈ బాధ లేదు: అది 8.8 మి.మీ. అవుతుంది, 9 మి.మీ. పట్టాలు ఎక్కడైనా దొరుకుతాయి.

కొత్తగా మొదలుపెట్టేవారికి పార్క్‌సైడ్ కిట్‌నే చెబుతాను, ఊరి బండి మీద మనసున్నా సరే. చట్రం ఎలా ఉండాలో చేతికి తెలిసేది అక్కడే. రెజిన్ కిట్ కొనేముందు తయారీదారును పైపెట్టె ఫొటోతో పాటు నేల అడుగు ఫొటో కూడా అడగాలి. ఏ రెజిన్ వాడారో, ఎంతసేపు గట్టిపరిచారో అడగాలి. నాకు బాక్స్‌ఎన్ అమ్మిన తయారీదారు ఇప్పుడు నేలలో ఉక్కు పట్టీకి గాడి పెట్టి ఇస్తున్నాడు. ఆ కొత్త రకం నా దగ్గర ఒక్క వేసవే చూసింది కాబట్టి, దాని మీద తీర్పు ఇప్పుడే ఇవ్వను.