కోఫు వెళ్తే స్టేషన్ దగ్గరే ఆగిపోకండి: తకేదా షింగెన్ ఊళ్లలో మా యాత్ర

టోక్యోలోని షింజుకు నుంచి కోఫుకి ఎక్స్‌ప్రెస్ రైల్లో గంటన్నర. సీట్లన్నీ రిజర్వుడే కాబట్టి వారాంతమైతే ముందే టికెట్ తీసుకోండి, టెన్షన్ ఉండదు.

స్టేషన్ బయటే, 16వ శతాబ్దంలో ఈ ప్రాంతాన్ని ఏలిన యోధుడు షింగెన్ పెద్ద విగ్రహం. పక్కన కనిపించే కోట ఆయనది కాదు, తకేదా వంశం పోయాక కట్టింది. ఆయన ఉన్నది ఊరికి ఉత్తరాన, తండ్రి నొబుతొర 1519లో కట్టించిన భవనంలో. ఆ తండ్రినే 1541లో రాజ్యం నుంచి వెళ్లగొట్టి షింగెన్ గద్దెనెక్కాడు. అక్కడ ఇప్పుడున్న తకేదా గుడి 1919 నాటిది. కందకం, కొంత రాతిగోడ తప్ప చూడ్డానికి పెద్దగా లేదు. వెళ్లే బస్సు మాత్రం సులువు.

నన్ను కదిలించింది ఎరిన్‌జి మఠం. కోఫు నుంచి ఎన్‌జాన్ దాకా లోకల్ రైలు, అక్కడినుంచి బస్సు. బస్సులు తక్కువ, టైమింగ్స్ చూసుకునే దిగాలి. 1573లో దండయాత్ర మధ్యలో జబ్బుచేసి షింగెన్ పోయాడు. శత్రువులకు తెలియకూడదని చావును దాచి, 1576లో ఇక్కడ అంత్యక్రియలు చేశారు. సమాధి ఇక్కడే ఉంది. 1582లో తకేదాల శత్రువు ఓదా నొబునాగా సైన్యం కైసెన్ అనే గురువును, తోటి సన్యాసులను ద్వారం మీదికి ఎక్కించి నిప్పు పెట్టింది. మనసును జయిస్తే నిప్పూ చల్లనే అన్నది ఆయన చివరి మాటగా చెబుతారు. తిరిగి కట్టిన ద్వారం స్తంభాలపై అదే రాసి ఉంది. దాని కింద నిలబడితే గొంతు పట్టేసింది. వెనక ఉన్న తోట జెన్ గురువు ముసొ సొసెకిది. తొందరపడకుండా కూర్చోండి.

కోఫు పడమట కమనాషి నది కరకట్ట ఉంది. షింగెన్ పేరుతోనే పిలుస్తారు. వరద నీరు వెళ్లడానికి గట్టులో ఖాళీలు వదిలిన తీరు చూస్తే, ఆయన్ని యోధుడిగానే గుర్తుపెట్టుకోవడం అన్యాయమనిపిస్తుంది. పిల్లలకు అంతగా నచ్చకపోవచ్చు.

బసకి స్టేషన్ పక్క హోటల్ తిరగడానికి అనుకూలం, కానీ నా ఓటు యుమురా వేడినీటి బుగ్గల వైపే. నడిచి అలిసిన కాళ్లకు ఆ స్నానం గొప్ప హాయి. మేం దిగిన సత్రంలో గది శుభ్రంగా ఉంది, రాత్రి భోజనం మాత్రం ఆలస్యమైంది. ఇక్కడి హోతో, గుమ్మడికాయ వేసి మిసోలో (పులియబెట్టిన సోయా ముద్ద) ఉడికించే వెడల్పు నూడుల్స్, చలిలో అమృతం. శాకాహారులు మాత్రం అడిగి తినాలి, రసం తరచుగా ఎండుచేపలతో కాస్తారు.

టోక్యోకి తిరిగొచ్చే దారిలోనే కై-యమాతో స్టేషన్ ఉంది. 1575లో నగషినో యుద్ధంలో ఓడిన షింగెన్ కొడుకు కత్సుయొరి 1582లో ఆ కొండల్లోనే భార్య, కొడుకుతో ప్రాణాలు తీసుకున్నాడు. వాళ్ల జ్ఞాపకార్థం తర్వాత జపాన్‌ను ఏలిన తొకుగావా ఇయెయాసు కట్టించిన కెయితొకుయిన్ మఠంలో ముగ్గురి సమాధులూ ఉన్నాయి. ఎక్స్‌ప్రెస్‌లు అక్కడ ఆగవు. స్టేషన్ నుంచి ఎత్తుకు నడవాలి. పొద్దున్నే బయల్దేరితే ఎరిన్‌జి, ఇదీ ఒకే రోజులో అవుతాయి.