విట్టెన్‌బర్గ్‌లో ఎక్కడ ఎక్కువసేపు ఆగాలి?

ప్రొటెస్టెంట్ సంస్కరణ మొదలుపెట్టిన మార్టిన్ లూథర్ ఉన్న ఊరు విట్టెన్‌బర్గ్. బెర్లిన్ నుంచి ఐసీఈ అనే వేగం రైలైతే ముప్పావుగంట. ప్రాంతీయ రైలు గంట దాటుతుంది గానీ డాయిచ్‌లాండ్ టికెట్ (జర్మనీ అంతటా ప్రాంతీయ రైళ్లకు చెల్లే నెలవారీ పాస్) ఉంటే వేరే చార్జీ లేదు. మేం అందులోనే వెళ్లాం. స్టేషన్ నుంచి పాత ఊరు నడిచే దూరమే, టాక్సీ అక్కర్లేదు.

అందరూ ముందు వెళ్లేది కోట చర్చి తలుపు దగ్గరికి. పాపక్షమాపణ పత్రాల అమ్మకాన్ని ప్రశ్నిస్తూ లూథర్ 1517 అక్టోబర్ 31న 95 సిద్ధాంతాలు అంటించాడని చెప్పుకునే చోటు. ఆ చెక్క తలుపు 1760లో యుద్ధంలో కాలిపోయింది. ఇప్పుడున్నది 1858 నాటి కంచు తలుపు. లోపల లూథర్ సమాధి చూసుకుని బయల్దేరవచ్చు.

మీ సమయమంతా మార్కెట్ పక్కనున్న ఊరి చర్చికి ఉంచుకోండి. లూథర్ ఎన్నో ప్రసంగాలు చేసింది ఇక్కడే. బలిపీఠం మీద 1547 నాటి, చిత్రకారుడు క్రానాఖ్ చిత్రాలున్నాయి. నడిమి పలకలో ప్రభు రాత్రి భోజనం: గుండ్రటి బల్ల, శిష్యుల మధ్య గడ్డంతో లూథర్, ఆయన చేతిలో ద్రాక్షరసం పాత్ర. లూథర్ సంస్కరణకు ముందు ఆ పాత్ర పాదిరీలకే, మామూలు సంఘస్థులకు రొట్టె మాత్రమే. ఎడమ పలకలో బిడ్డకు బాప్తిస్మం ఇస్తున్న లూథర్ సహచరుడు మెలాంక్‌తన్ అసలు పాదిరీయే కాదు, యూనివర్సిటీ పండితుడు. మాది గుంటూరు. 1842లో అమెరికా నుంచి మిషనరీ హయ్యర్ దొర వచ్చినప్పటి నుంచీ అక్కడ లూథరన్ సంఘం ఉంది. సంఘమంతా పాత్ర అందుకోవడం చిన్నప్పటి నుంచీ చూసినదాన్ని, ఆ బొమ్మ ముందు నుంచి కదల్లేకపోయాను.

అదే చర్చి బయటి గోడ మీద యూదులను నీచంగా అవమానించే మధ్యయుగపు శిల్పం ఉంది. లూథర్ 1543లో యూదులపై విషం కక్కుతూ రాసిన రాతల్లో దాన్నీ వాడుకున్నాడు. కింద నేలమీద 1988లో పెట్టిన స్మారక ఫలకం ఉంది. దాన్ని చూడకుండా రావద్దు.

తర్వాత క్రానాఖ్ ఇళ్ల ఆవరణ. ఆయన ఆస్థాన చిత్రకారుడు, మందుల షాపు యజమాని, మేయర్ కూడా. 1522 సెప్టెంబర్‌లో లూథర్ జర్మన్‌లోకి అనువదించిన బైబిల్ కొత్త నిబంధన అచ్చు వెనక పెట్టుబడి పెట్టినవాళ్లలో ఒకడు. సుమారు 3000 ప్రతులు వేస్తే డిసెంబర్‌కే మళ్లీ అచ్చు వేయాల్సి వచ్చింది. మొదటి ముద్రణలోని ఒక బొమ్మలో, ప్రకటన గ్రంథంలో చెడుకు గుర్తుగా వచ్చే బబులోను వేశ్య తలమీద పోపు ధరించే మూడంతస్తుల కిరీటం పెట్టారు, రెండోదానికి తీసేశారు. చదువురానివాళ్లకు ఆ బొమ్మే ప్రసంగం. ఆవరణలో పాత పద్ధతిలో అచ్చు వేసే వర్క్‌షాప్ ఉంది, పిల్లలున్నవాళ్లు తప్పక వెళ్లండి.

బస మాత్రం పాత ఊళ్లోనే తీసుకోండి. చవకని మేం స్టేషన్ వైపు దిగాం. రిసెప్షన్‌లో ఎవరూ లేరు, తాళాల పెట్టె కోడ్ పంపలేదు, చీకట్లో సామానుతో చాలాసేపు టెన్షన్ పడ్డాం. జర్మనీలో ఆదివారం దుకాణాలు దాదాపు అన్నీ మూసేస్తారు కాబట్టి తినేవి శనివారమే కొనుక్కోండి.