వరి కోసిన మడిలో గోధుమ: తొందరగా పండేదా, ఎండను ఓర్చేదా?

చింతపల్లి కొండల వైపు పొలమున్న మా మేనల్లుడు మొన్న విశాఖపట్నం వచ్చినప్పుడు అడిగాడు: "మామయ్యా, డిసెంబరులో వరి కోశాక అదే మడిలో గోధుమ వేస్తే ఎలాంటి రకం మేలు?"

ఉత్తరాదిలో గోధుమకు అదను నవంబరు మొదటి పక్షం. డిసెంబరు చివరికి జారితే గింజ పాలు పోసుకునే రోజులు ఎండల్లో పడతాయి. గింజ నిండే గడువు తగ్గి నొక్కుకుపోతుంది. దీనికి శాస్త్రజ్ఞులు రెండు దారులు తొక్కారు.

ఒకటి, ఎండ ముదిరేలోపే పండిపోయే రకం. 1967లో విడుదలైన సోనాలిక అలాంటిదే. కానీ పొలంలో ఉండే రోజులు తగ్గితే పిలకలూ, కంకిలో గింజలూ తగ్గుతాయి. ఏడాది చల్లగా గడిచినా ఆ మిగులు రోజులు దానికి అక్కరకు రావు.

రెండోది, వేడిని ఓర్చుకునే రకం. ఆకు పచ్చదనం నిలుపుకుంటుంది, కాండంలో దాచిన చక్కెరను గింజకు పంపుతుంది, లోతు వేళ్లతో నీరు లాగి ఆకులను చల్లబరచుకుంటుంది. నాకు ఇదే నచ్చుతుంది. అయితే నేలలో తడి ఉంటేనే ఆ చల్లదనం. చివరి తడి ఇవ్వలేని రైతుకు మొదటి దారే దిక్కు.

కొండల మీద నాకు ఎండకన్నా, ఆకులూ కాండమూ తుప్పు పట్టినట్టు చేసే బూజు రోగం, తుప్పు తెగులే ఎక్కువ భయం. ఆకుమీద కొన్ని గంటలు తడి నిలిస్తే దాని బీజాలు మొలకెత్తుతాయి. లంబసింగి చలికాలపు మంచు తెలిసినవారికి ఇంతకన్నా చెప్పనక్కరలేదు. నీలగిరుల్లో ఏడాది పొడవునా బతికే నల్ల తుప్పు, గోధుమరంగు తుప్పు బీజాలను నవంబరు తుపాను గాలులు మధ్య భారతం దాకా మోసుకెళ్తాయి. మనం వానకోసమే చూసే బంగాళాఖాతపు వాయుగుండాలకు ఈ పనీ ఉంది!

ఇక్కడా రెండు దారులే. ఒక్క బలమైన జన్యువును నమ్ముకుంటే పైరు మచ్చ లేకుండా నిలుస్తుంది, తెగులు కొత్త రూపు దాల్చేదాకా. 1995లో వచ్చి పంజాబ్ పొలాలను నింపిన పీబీడబ్ల్యూ 343 అనే గోధుమ రకం పసుపు తుప్పుకు లొంగిపోయింది. ఉగాండాలో బయటపడిన నల్ల తుప్పు కొత్త రూపు యూజీ 99, ప్రపంచమంతా నమ్ముకున్న ఎస్‌ఆర్ 31 జన్యువును ఓడించింది. సోనాలిక కూడా గోధుమరంగు తుప్పు ముందు నిలవలేదు.

రెండో దారి, ఎల్‌ఆర్ 34 వంటి జన్యువులు. ఇవి తెగులును ఆపవు, నెమ్మదింపజేస్తాయి. దశాబ్దాలుగా పనిచేస్తున్నాయి. ఎల్‌ఆర్ 34 ఉన్న మొక్కకు ఆకు కొన ఎండినట్టు కనిపించవచ్చు, అది రోగం కాదు. లేత పైరును అది అంతగా కాపాడదు, ఒంటరిగా చాలదు కూడా. ఇలాంటివి మూడు నాలుగు ఒకే రకంలో కూడాలి. నేనైతే అలాంటి రకాన్నే అడుగుతాను, దిగుబడి ఒక బస్తా తగ్గినా సరే.

మేనల్లుడికి మాత్రం ఇంకా రకం పేరు చెప్పలేదు. ఫిబ్రవరి చివర వాగులో నీరెంత మిగులుతుందో, పొద్దున ఎన్ని గంటలకు ఆకుల మీద మంచు ఆరుతుందో చూసి చెప్పమన్నాను.